మికురా, ఒగసవారా, అమకుసా: డాల్ఫిన్ల ఈలలు వినడానికి ఎక్కడికి వెళ్ళాలి

మికురా దీవికి మొదటిసారి బయల్దేరినప్పుడు అసలు అక్కడ దిగనే లేదు. రాత్రి పదిన్నరకి టోక్యోలోని తకేషిబా రేవులో పసుపు రంగు తచిబానా మారు ఎక్కి, అందరితో పాటు నేల మీదే దుప్పటి పరుచుకుని పడుకుని, పొద్దున్న ఆరింటికి బ్యాగులు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. చూస్తే అలలు రేవు గోడ దాటి దూకుతున్నాయి. కాసేపాగి దిగడం కుదరదని మైకులో చెప్పేశారు, ఓడ నేరుగా తర్వాతి మజిలీ హచిజోజిమా దీవికి వెళ్ళిపోయింది. తిరుగు దారిలో మళ్ళీ ప్రయత్నించారు, అప్పుడూ కుదరలేదు. ఈ దీవికి టికెట్ ఇచ్చేదే వాతావరణం అనుకూలిస్తే దింపుతామన్న షరతు మీద, కాబట్టి ఎవరినీ అనేదేం లేదు. మీరు వెళ్తే మాత్రం ముందొక రోజు, వెనకొక రోజు ఖాళీ ఉంచుకోండి. సోమవారం పొద్దున్నే ఆఫీసులో మీటింగ్ పెట్టుకుని వెళ్ళొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, 2005లో తదమిచి మొరిసకా, ఆయన తోటి పరిశోధకులు అచ్చు వేసిన ఒక పేపర్ చదివాను. జపాన్‌లో మూడు చోట్ల, అంటే మికురాలో, ఒగసవారాలో, క్యూషూ పడమటి వైపున్న అమకుసాలో ఉండే ఇండో పసిఫిక్ బాటిల్‌నోస్ డాల్ఫిన్ల ఈలలు రికార్డు చేసి పోల్చారు. జాతి ఒక్కటే, ఈలలు మాత్రం వేరు. అమకుసా నీళ్ళలో రొద ఎక్కువ, అక్కడి ఈలలు తక్కువ శ్రుతిలో, పెద్దగా మెలికలు లేకుండా ఉన్నాయి. రొద తక్కువున్న మిగతా రెండు చోట్లా ఈలల శ్రుతి రకరకాలుగా ఉంది, గమకాలు కూడా ఎక్కువ. మన సంతలో దూరంగా ఉన్న మనిషిని పిలవాలంటే ఎలా పిలుస్తాం? "రామూ..." అని ఒకే స్వరం మీద సాగదీస్తాం, అక్కడ రాగాలు తీస్తే ఎవరికీ వినపడదు. అది చదివిన రోజే మూడూ నా చెవులతో వినాలనిపించింది. టోక్యోలో ఉద్యోగం, నిషికసాయ్‌లో ఇల్లు, సెలవులు తక్కువ, అందుకని మూడూ పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది.

మికురాలో రెండోసారి దిగాం, జూన్‌లో. టోక్యోకి దాదాపు 200 కిలోమీటర్లు దక్షిణంగా ఉంటుంది, ఊరంతా కలిపి 300 మంది. నీళ్ళలోంచి నిలువుగా లేచిన కొండ, చుట్టూ అడవి, ఎక్కడా ఇసుక తీరం లేదు. గుడారం వేసుకోవడం కుదరదు, గది ఖాయం చేసుకున్నాకే ఓడ ఎక్కాలి. మేం దిగిన మిన్షుకు (ఇంట్లోనే గదులిచ్చి భోజనం పెట్టే చోటు) పాతదే అయినా చాలా శుభ్రంగా ఉంది, ఆ ఇంటి పెద్దావిడ మా తడిబట్టలు కూడా తనే తీసుకెళ్ళి ఆరేసింది. భోజనం దగ్గరే ఇబ్బంది. కూరలోనూ, సూపులోనూ చేప పొడి వేసి కాచిన నీళ్ళే పోస్తారు, శాకాహారం అని చెప్పినా దాన్ని చేప కింద లెక్కపెట్టరు. మేం పులిహోర పేస్టు, ఆవకాయ పట్టుకెళ్ళాం, అన్నం ఆవిడ ఎంతైనా పెట్టింది.

పడవలో దీవి చుట్టూ తిరగడానికి రెండు గంటలు. డాల్ఫిన్లు కనిపిస్తే స్నార్కెల్ (నోటితో ఊపిరి పీల్చే గొట్టం), కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దిగాలి. ముట్టుకోకూడదు, మేత వేయకూడదు, వెంటపడకూడదు. దిగే ముందు గైడ్ ఇవన్నీ గట్టిగానే చెప్పాడు, నాకది బాగా నచ్చింది. 1994 నుంచీ ఇక్కడి డాల్ఫిన్లని ఒంటి మీది మచ్చల్ని, గాట్లని బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి రాసుకుంటూ వస్తున్నారు.

తల నీళ్ళలో పెట్టగానే ముందు ఈలే వినిపించింది, డాల్ఫిన్ కనిపించింది తర్వాత. ఏ పరికరమూ అక్కర్లేదు, ఈలలో చాలా భాగం మన చెవికి అందే శ్రుతిలోనే ఉంటుంది. సన్నగా మొదలై, పైకి ఎగబాకి, ఒక్కసారి కిందికి జారి మళ్ళీ పైకి. ఎటు నుంచి వస్తోందో తెలియదు, నీళ్ళలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది కాబట్టి మన చెవులు దిక్కు పోల్చుకోలేవు. ఒక తల్లీ పిల్లా నా కిందుగా వెళ్ళాయి, పిల్ల కాస్త వెనకబడింది, అదే ఈల మూడుసార్లు వినపడింది, పిల్ల వెళ్ళి తల్లి పక్కన చేరింది. నాకు కళ్ళద్దాల్లోనే కన్నీళ్ళొచ్చాయి. ప్రతి బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కీ తనదంటూ ఒక ఈల ఉంటుందని కాల్డ్‌వెల్ దంపతులు 1965లోనే రాశారు. తన ఈలనే ఎవరైనా తిరిగి వినిపిస్తే డాల్ఫిన్ బదులు పలుకుతుందని 2013లో స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ చూపించారు. పేరు ఎవరిది వాళ్ళదే, పలికే తీరు ఊరిదీ: శ్రీకాకుళంలో ఒక యాస, కరీంనగర్‌లో ఒక యాస ఉన్నట్టు.

ఒగసవారాకి డబ్బు కన్నా సెలవులు ఎక్కువ కావాలి. విమానాశ్రయం లేదు. తకేషిబాలో పొద్దున్న పదకొండుకి ఒగసవారా మారు ఎక్కితే మర్నాడు పదకొండుకి ఒగసవారా దీవుల్లో పెద్దదైన చిచిజిమాలో దిగుతాం, సరిగ్గా 24 గంటలు, 1000 కిలోమీటర్లు. మామూలుగా అదే ఓడ మూడు రాత్రులు అక్కడ ఆగి వెనక్కి వస్తుంది, అంటే తక్కువలో తక్కువ ఆరు రోజులు. పడుకునే చోటు బాగానే ఉంది, కానీ రెండో పూట నుంచీ మా ఆవిడకి వాంతులు, మాత్ర ఎక్కేముందే వేసుకోవాల్సింది. నీళ్ళు వెచ్చన, రంగు చూస్తే చెయ్యి ముంచి తీస్తే నీలం అంటుకుంటుందేమో అన్నట్టుంది. గది మాత్రం పెట్టిన డబ్బుకి తగ్గట్టు లేదు, ఏసీ రాత్రంతా మోగింది, చెప్పినా ఎవరూ రాలేదు. పడవ వాళ్ళు మంచివాళ్ళు. అడగ్గానే ఇంజిన్ ఆపేశారు, నా చిన్న హైడ్రోఫోన్ (నీళ్ళలో దించే మైకు) పది నిమిషాలు దించుకోనిచ్చారు. ఫోన్‌లో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దం శ్రుతి ఎలా మారిందో గీసి చూపే బొమ్మ) చూస్తే ముగ్గు గీతల్లా మెలికలే మెలికలు. పక్కనే ఉన్న మినమిజిమా అనే చిన్న దీవికి కూడా వెళ్ళాం, రోజుకి వంద మందినే, అదీ గైడ్‌తో, రెండు గంటలే ఉండనిస్తారు.

అమకుసాకి అమ్మని తీసుకెళ్ళాం. విశాఖ నుంచి మూడు నెలలకి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు, ఈత రాదు. ఆమెకి ఇదే సరైన చోటు. ఫుకుఒకా నుంచి అమకుసా ఎయిర్‌లైన్స్ వాళ్ళ చిన్న విమానం, దానికి డాల్ఫిన్ బొమ్మ వేసి ఉంటుంది, ముప్ఫై అయిదు నిమిషాల్లో దించేస్తుంది. రేవు నుంచి పడవలో కాసేపు వెళ్ళామో లేదో డాల్ఫిన్లు! అక్కడ 200 దాకా ఉంటాయి, ఏడాది పొడుగునా అక్కడే. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇంకేం ఆలోచించక్కర్లేదు. హోటల్లో అమ్మ కోసం కింది అంతస్తులో గది మార్చి ఇచ్చారు, పొద్దున్న పెరుగు కూడా దొరికింది.

నాకు బాధ కలిగింది మాత్రం ఇక్కడే. మేం వెళ్ళిన పూట ఒకే గుంపు చుట్టూ ఏడు పడవలు. మా పడవతను డాల్ఫిన్లు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, ఇంజిన్ ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. రెండుసార్లు అడిగాక రెండు నిమిషాలు ఆపాడు. ఆ రెండు నిమిషాల్లో హైడ్రోఫోన్‌లో ముందు వినపడింది చిటపటలు, తాలింపులో ఆవాలు పేలినట్టు. అవి చిటికెలు వేసే రొయ్యలు, కొండి టక్కున మూసి చేసే చప్పుడు. దాని వెనక పక్క పడవల ఘోష. ఆ రెంటి మధ్యలోంచి ఈల వచ్చింది, తిన్నగా, కాస్త బొంగురుగా, మికురాలో విన్న మెలికలేవీ లేకుండా. హెడ్‌ఫోన్స్ అమ్మకిచ్చాను. కాసేపు కళ్ళు మూసుకుని విని, "పాపం, గట్టిగా అరుస్తున్నట్టుంది నాన్నా" అంది. రెండు నిమిషాల రికార్డింగ్‌తో నేను రుజువు చేసేదేమీ లేదు, కానీ పేపర్లో చదివిన ఆ రొద అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

వినడానికే అయితే మికురా, దిగలేకపోయినా మళ్ళీ వెళ్ళండి. ఈత రానివాళ్ళకి అమకుసా, కానీ పొద్దున్న మొదటి పడవే ఎక్కండి, అప్పటికి పడవలు తక్కువగా ఉండొచ్చు. వారం సెలవు దొరికితే ఒగసవారా. ఎక్కడికెళ్ళినా నగదు, వాంతుల మాత్రలు దగ్గరుంచుకోండి, ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్ళండి: "ఎంజిన్ తొమెతె కుదసాయ్". ఇంజిన్ ఆపండి అని. ముందు బుక్ చేసేటప్పుడే ఆ మాట అడగండి, ఆపుతామన్న వాళ్ళ పడవే ఎక్కండి.