హెచ్.265: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఫోన్‌లో, కెమెరాలో తీసిన వీడియోలతో హార్డ్ డిస్క్ నిండిపోతుంటే క్వాలిటీ పోకుండా సైజు తగ్గించాలని చాలా ఫార్మాట్లు వాడి చూశాను. దాచుకునే వీడియోలకు చివరికి హెచ్.265 అనే కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) దగ్గర కుదురుకున్నాను.

ఎంపీ4, ఎంకేవీ అనేవి పైన డబ్బాలు మాత్రమే. సైజు, క్వాలిటీ తేలేది లోపలి కోడెక్‌తో. ఎంకేవీని అలాగే ఎంపీ4లోకి మార్చుకుంటే ఫైల్ తగ్గేది దాదాపు ఏమీ ఉండదు.

2003లో వచ్చిన హెచ్.264 చూపించే క్వాలిటీనే 2013 నాటి హెచ్.265 సుమారు సగం బిట్‌రేట్‌తో (సెకనుకు వాడే డేటాతో) ఇస్తుందంటారు. కెమెరా కదలకుండా తీసిన వీడియోల్లో నాకూ అలాగే వచ్చింది. రాత్రి వెలుతురు చాలక నాయిస్ (చుక్కచుక్కల గరుకు) నిండిన వాటిలో మాత్రం అంత లాభం రాలేదు. నాయిస్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారిపోతుంది, పాత ఫ్రేమ్ నుంచి వాడుకోవడానికి కోడెక్‌కు ఏమీ దొరకదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది 10 బిట్. సూర్యాస్తమయం వీడియో 8 బిట్‌లో కుదిస్తే ఆకాశంలో నారింజ నుంచి నీలానికి మారేచోట చారలు కట్టింది. 10 బిట్‌లో అదే ఆకాశం నునుపుగా వచ్చింది. ఒక్కో రంగుకు 256 మెట్ల బదులు 1024 ఉంటాయి మరి. ఒరిజినల్ 8 బిట్‌దే అయినా ఈ తేడా కనిపిస్తుంది.

వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో బిట్‌రేట్ ఇంతేనని కట్టేయను. కాన్‌స్టంట్ క్వాలిటీ పెట్టి, క్వాలిటీ స్థాయి చెప్పే ఆర్‌ఎఫ్ అంకెను 20 నుంచి 22 మధ్య ఉంచి, స్లో ప్రీసెట్ (నిదానంగా, మెరుగ్గా కుదించే సెట్టింగ్) ఎంచుకుంటాను. ఈ అంకె పెరిగేకొద్దీ సైజుతోపాటు క్వాలిటీ కూడా తగ్గుతుంది. నా కంటికి 24 దాటితే జుట్టు, గడ్డి అలికినట్టు అవుతాయి. గ్రాఫిక్స్ కార్డుతో చేస్తే చకచకా అయిపోతుంది కానీ అదే క్వాలిటీకి ఫైల్ పెద్దదవుతుంది. అందుకే రాత్రంతా ప్రాసెసర్ మీదే వదిలేస్తాను.

ఇబ్బంది ఒకటుంది. పాత టీవీల్లో, ల్యాప్‌టాప్‌లలో హెచ్.265 ఆగి ఆగి ఆడుతుంది, కొన్నిటిలో అసలు తెరుచుకోదు. ఎవరికైనా పంపాలంటే టెన్షన్ లేకుండా హెచ్.264లో ఎంపీ4 చేసి ఇస్తాను.

2018లో వచ్చిన ఏవీ1 అనే కోడెక్ ఇంకా చిన్న ఫైళ్లిస్తుంది, దాన్ని రాయల్టీ (వాడకానికి కట్టే రుసుము) లేకుండా ఉండాలనే తయారుచేశారు. నా దగ్గరున్న పరికరాల్లో దానికి హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియో ఆడించడానికి చిప్‌లో ప్రత్యేక భాగం) లేక బ్యాటరీ తొందరగా అయిపోతోంది. కొత్తవి కొన్నాక ఒరిజినల్స్ నుంచే ఏవీ1 చేస్తాను. ఒకసారి హెచ్.265లో కుదించినదాన్ని మళ్లీ కుదించను, ప్రతి మార్పిడిలోనూ కొంత క్వాలిటీ పోతుంది.