లుసెర్న్ గ్లేసియర్ గార్డెన్: తప్పకుండా చూడాల్సిన గుంతలు

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లు చాలామంది లుసెర్న్‌లో రాతి సింహం ముందు ఫొటో దిగి బస్సెక్కేస్తారు. ఆ పక్కనే ఉన్న గ్లేసియర్ గార్డెన్‌ను మాత్రం వదులుకోకండి. ఏళ్ల తరబడి భూగోళం పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, టికెట్‌కు పెట్టిన ప్రతి ఫ్రాంకూ సార్థకమే.

1872లో వైన్ నిల్వకు నేలమాళిగ తవ్వుతుంటే ఇక్కడి రాతిగుంతలు బయటపడ్డాయి. అన్నిటికన్నా పెద్దది 9.5 మీటర్ల లోతు, 8 మీటర్ల వెడల్పు. పైనుంచి వంగి చూస్తే గోడలు మెలి తిరిగి, కుమ్మరి సారె మీద తీర్చిన కుండ లోపలిభాగంలా నున్నగా కనిపిస్తాయి. అడుగున అరిగి గుండ్రబడిన బండరాయి. మంచుయుగంలో ఈ చోటును కప్పిన హిమానీనదం (గ్లేసియర్, మెల్లగా కదిలే మంచు మేట) బరువుకే రాయి ఇలా అయిందనుకుంటాం గానీ, ఇది నీటి పని. కరిగిన నీరు హిమానీనదం పగుళ్లలోంచి అడుగుకు దూకి, విపరీతమైన ఒత్తిడితో సుడులు తిరుగుతూ, ఇసుకతో రాళ్లతో ఈ రాతిని తొలిచింది.

అంటే ఇది వేసవి చేసిన పని. మంచుయుగం కథంతా నడిపేది కూడా వేసవే. గడ్డు చలికాలాలు కాదు, ఎండ చాలని వేసవులు మంచుయుగాన్ని తెస్తాయి. సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలంకోవిచ్ ఏళ్లకేళ్లు కూర్చుని లెక్కకట్టింది ఉత్తరార్ధగోళంలో పడే ఆ వేసవి ఎండనే. భూమి అక్షం వాలు సుమారు 41,000 ఏళ్లకోసారి 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది. వాలు తగ్గి, ఉత్తరాన వేసవి వచ్చే వేళకు భూమి సూర్యుడికి దూరంగా కూడా ఉంటే, కెనడా ఉత్తరాన కురిసిన మంచు పూర్తిగా కరగదు. మిగిలిన తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, చలి ఇంకా పెరుగుతుంది. సముద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ను లోపల దాచుకుంటాయి. గాలిలో పది లక్షల పాళ్లలో 280 ఉన్నది 180 దాకా పడిపోతుంది. వేసవి ఎండ మళ్లీ బలపడితే ఇదంతా తిరగబడుతుంది. సముద్రాలు వదిలిన వాయువు ఆ వేడిని భూమి అంతటికీ పంచుతుంది. పేరడానికి వేల వేల ఏళ్లు పట్టిన మంచు సుమారు పదివేల ఏళ్లలోనే చాలావరకు కరిగిపోతుంది.

ఇక్కడే సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి తాటిజాతి చెట్టు ఆకు శిలాజం కూడా ఉంది. మంచు మోసిన ఈ చోటే ఒకప్పుడు వెచ్చని సముద్రతీరం. దాని దగ్గర కాసేపు ఆగండి.

రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. మెట్లున్నాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. 1896 నాటి అద్దాల మందిరం పిల్లలకు చివర్లో చూపించండి. ముందే చూపిస్తే గుంతల దగ్గర నిలబడరు.