గ్లూ వేసి ఇస్తున్నాం అన్నారా? ముందు గాలి తీసి చూడండి

సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ చక్రాల కోసం వెతుకుతున్న సైకిల్ మిత్రులకు ఈ హెచ్చరిక. టైర్లు బిగించి, "తీసుకెళ్లి తొక్కడమే" అని అమ్ముతున్న ట్యూబులర్ సెట్ కనిపిస్తే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్న సెట్‌లో వెనక టైరు మలుపులో రిమ్ము నుంచి ఊడి పక్కకు వచ్చేసింది. నా మోచెయ్యి చెక్కుకుపోయింది, అది మానుతుంది. రిమ్ము అంచు చిట్లింది, అది మానదు.

ట్యూబులర్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మనం మామూలుగా వాడే క్లించర్ టైరు అంచుల్లో గట్టి తీగ ఉంటుంది, గాలి కొట్టగానే ఆ అంచు రిమ్ము గోడల మధ్య బిగుసుకుంటుంది. ట్యూబులర్‌లో ట్యూబును టైరు లోపలే పెట్టి కుట్టేస్తారు. కుట్టు కనపడకుండా బేస్ టేప్ అనే గుడ్డ పట్టీ అంటిస్తారు. రిమ్ముకు గోడలు ఉండవు, పైన కొంచెం పల్లంగా ఉండే గాడి ఒక్కటే. కాబట్టి మలుపులో టైరును పట్టి ఉంచేది జిగురే. అది గ్లూ కావచ్చు, దీనికోసమే తయారయ్యే రెండు వైపులా అంటుకునే టేపు కావచ్చు. ట్రాక్ మీద వీటి వాడకం ఇంకా ఉంది కానీ, రోడ్డు రేసుల పెద్ద జట్లు ట్యూబ్‌లెస్ వైపు మళ్లాక ఇలాంటి చక్రాలు పాత సామాన్ల ప్రకటనల్లో చవకగా వస్తున్నాయి. తేలిక, అందం, ధర చూసి మనవాళ్లు టెంప్ట్ అవుతున్నారు.

నేను కొన్నది చక్రాలు, విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర. పేరు ఇక్కడ రాయను. ప్రకటనలో "గ్లూ చేసినవి" అని ఉంది. ఫోన్ చేసి అడిగితే మూడు కోటింగులు వేశామని, రెండు రోజులు ఆరబెట్టామని చెప్పారు. పార్సిల్ విప్పి, గాలి కొట్టి, బొటనవేళ్లతో టైరును పక్కకు నెట్టి చూశాను. కదల్లేదు. అసలు మోసం దాగేది ఇక్కడే. ట్యూబులర్‌కు నిండా గాలి కొడితే దాని అల్లిక బిగుసుకుని టైరు చుట్టుకొలత కొంచెం తగ్గుతుంది, రిమ్మును గట్టిగా పట్టేస్తుంది. జిగురు ఏమీ లేకపోయినా 110, 120 పీఎస్ఐ దగ్గర చేత్తో నెడితే రాయిలాగే ఉంటుంది. బయట నుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ దిగాక టీకి ఆగినప్పుడు వెనక వాల్వ్ వాలి కనిపించింది. బిగించినప్పుడు చక్రం ఇరుసు వైపు నిటారుగా ఉన్న వాల్వ్ ఇప్పుడు ఒక పక్కకు ఒరిగింది. దాని అర్థం, బ్రేకు పట్టినప్పుడు రిమ్ము ఆగుతోంది, టైరు మాత్రం దాని మీద జరుగుతోంది. ట్యూబులర్ వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంకేతం ఇదే: వాల్వ్ వాలితే ఆ చక్రం మీద ఇక తొక్కకూడదు. గాలి తగ్గించి చూద్దామని సైకిల్‌ను మెల్లగా ఊరివైపు పోనిస్తుంటే, కంకర చిందిన ఒక మామూలు మలుపులో టైరు ఊడింది. వేగం తక్కువ కాబట్టి మోచేతితో పోయింది.

ఇంటికొచ్చి టైరు మొత్తం పీకాను. గ్లూ చుక్క లేదు. ఉన్నది టేపు. అది కూడా రిమ్ము గాడి వెడల్పులో సగం ఉందేమో, మధ్యలో ఒక గీతలాగా వేశారు. అంచుల్లో బేస్ టేప్ కొత్త గుడ్డలా శుభ్రంగా ఉంది, దానికి జిగురు తగిలిన జాడే లేదు. మలుపులో టైరును పక్కకు దొర్లించే బలం పడేది ఆ అంచుల మీదే. అంతకన్నా ఘోరం వాల్వ్ దగ్గర కనిపించింది. టేపు వేసేటప్పుడు పైన ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. టైరు ఎక్కించి, మధ్యకు సరిచేసి, ఆ పొరను పక్క నుంచి మెల్లగా లాగేయాలి. లాగేటప్పుడు అది తెగింది. తెగిన ముక్కను తీయకుండా అలాగే వదిలేశారు. జానెడు పొడవున ఆ పొర నిగనిగలాడుతూ టేపు మీదే ఉంది. అంటే ఆ జానెడు మేర టైరు దేనికీ అంటుకోలేదు. ఫొటోలు పంపి అడిగితే వచ్చిన జవాబు, "బ్రేకులు ఎక్కువ వాడారేమో సర్". ఘాట్ రోడ్డులో బ్రేకులు వాడకుండా ఎలా దిగాలో మాత్రం చెప్పలేదు.

ఇది చదివి టేపంటేనే పనికిరానిదని అనుకోకండి. నా గొడవ టేపుతో కాదు, ఉన్నది దాచి అమ్మడంతో. టుఫో, ఎఫెత్తో మారిపోసా లాంటి కంపెనీల టేపులు దీనికోసమే తయారైనవి. రిమ్ము వెడల్పుకు సరిపోయేది తీసుకుని, గాడిని శుభ్రంగా తుడిచి, గాలి బుడగలు లేకుండా నొక్కి వేస్తే బాగానే పట్టుకుంటాయి. చేతులకు జిగురు అంటదు, టైరును మధ్యకు జరుపుకోవడానికి వీలుంటుంది, గ్లూలాగా కోటింగుకూ కోటింగుకూ మధ్య రోజంతా ఆగక్కర్లేదు. సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో జరిగే సైకిల్ రేసు) ఆడే బెల్జియంలో మెకానిక్కులు గ్లూ, నూలు టేపు రెండూ కలిపి వేస్తారు. బురదలో చాలా తక్కువ గాలితో తొక్కుతారు కాబట్టి అక్కడ టైరు బిగింపు జిగురు మీదే ఆధారపడుతుంది. టైరుకూ రిమ్ముకూ మధ్య సందును నూలు టేపు పూడుస్తుంది.

గ్లూ పని వేరే. ముందు టైరును ఉత్త రిమ్ముకు ఎక్కించి, గాలి కొట్టి, ఒక రాత్రయినా సాగనివ్వాలి. తర్వాత రిమ్ముకు రెండు మూడు పల్చటి కోటింగులు, బేస్ టేప్‌కు ఒకటో రెండో. ప్రతిదీ ఆరాకే తర్వాతది. చివరి కోటింగు తడిగా ఉండగానే వాల్వ్ దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా లాగుతూ ఎక్కించి, మధ్యకు సరిచేసి, గాలి కొట్టి మళ్లీ ఒక రోజు వదిలేయాలి. విసుగు పుట్టించే పని, నిజమే. కానీ ప్రతి దశలోనూ ఎక్కడ తడిసిందో ఎక్కడ తడవలేదో కళ్లకు కనిపిస్తుంది. కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హోవాట్ రకరకాల గ్లూలను పరీక్షించినప్పుడు విటోరియా మాస్టిక్ వన్ అన్నిటికన్నా గట్టిగా నిలిచింది. పాతవాళ్లు ఇప్పటికీ ఆ పేరే చెప్పడానికి అదొక కారణం. కాంటినెంటల్ అయితే అల్యూమినియంకు ఒకటి, కార్బన్‌కు ఒకటి వేరువేరుగా అమ్ముతుంది, డబ్బా మీద చూసి కొనండి. పంక్చర్ షాపులో దొరికే సొల్యూషన్, చెప్పులకు రాసే బంక, ఫొటోలు అంటించే డబుల్ సైడ్ టేపు ఈ పనికి రావు. "అదే జిగురు కదా" అని ఎవరైనా అంటే ఆ దుకాణం దిగి వచ్చేయండి.

మన దగ్గర ఇంకో సంగతి వేడి. కార్బన్ రిమ్ము వేడిని అల్యూమినియంలా త్వరగా వదలదు. రిమ్ము బ్రేకులతో ఘాట్ దిగితే బ్రేకు పడే చోటే వేడి పోగవుతుంది, పక్కనే ఉన్న జిగురు మెత్తబడుతుంది. మే నెలలో కారు డిక్కీలో పెట్టిన చక్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2003 టూర్ ద ఫ్రాన్స్‌లో జులై 14న గాప్ ఊరికి దిగే రోడ్డులో స్పెయిన్ రేసర్ హోసేబా బెలోకి పడిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఎండకు తారు కరిగి ఉంది, వెనక చక్రం జారింది, టైరు రిమ్ము నుంచి ఊడింది. తొడ ఎముక, మోచెయ్యి, మణికట్టు విరిగాయి. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలంలోకి తిప్పుకుని బయటపడ్డాడు. ప్రొఫెషనల్ మెకానిక్కులు సిద్ధం చేసిన బండికే అలా జరిగింది. అందుకే నా మటుకు నాకు, రిమ్ము బ్రేకులున్న కార్బన్ చక్రంతో ఘాట్‌లకు వెళ్లేవాళ్లు గ్లూనే వేయించుకోవాలి. డిస్క్ బ్రేకులుండి, చదును రోడ్ల మీదే తొక్కేవాళ్లకు మంచి టేపు చాలు.

కొనేటప్పుడు ఏం చేయాలి? వీలైతే టైర్లు లేకుండా ఉత్త చక్రాలే అడగండి. అలా ఇవ్వమంటే ధర ఎందుకు తగ్గించాలని బేరం పెడతారు, తగ్గించకపోయినా ఫరవాలేదు, రిమ్ము గాడి కళ్లతో చూడటమే మీకు లాభం. టైర్లతోనే తీసుకోవాల్సి వస్తే గాలి మొత్తం తీయించండి. టైరును ఒక పక్కకు ఒత్తి, అంచు దగ్గర మెట్రో కార్డు లాంటిది దూర్చి చుట్టూ తిప్పండి. ఎక్కడైనా కార్డు సులువుగా లోపలికి పోయిందంటే అక్కడ అంటుకోలేదు. వాల్వ్ దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి, ఎక్కించేటప్పుడు కష్టపడే చోటు అదే. దూరం నుంచి తెప్పిస్తుంటే గాలి తీసిన టైరుతో ఈ పరీక్ష వీడియో అడగండి. పంపలేమంటే వదిలేయండి.

నాలాగే ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లకు ఇంకో మాట. పాత టేపు పీకేటప్పుడు తొందరపడితే టైరు కింద ఉన్న బేస్ టేపే ఊడి రిమ్ముకు అంటుకుపోతుంది, అప్పుడు టైరు కూడా దండగ. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చబరిచి మెల్లగా తీయండి. కార్బన్ మీద అసిటోన్ పోసి గీకకండి, పైపూత పాడవుతుంది. పట్టకారు, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వొద్దు.

బిల్లు ఉంటే దాచుకోండి. వ్యాపారి దగ్గర కొన్న వస్తువైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు రుసుము కూడా లేదు. నేను ప్రకటన స్క్రీన్‌షాట్, ఫోన్ తర్వాత జరిగిన వాట్సాప్ సంభాషణ, పొర మిగిలిపోయిన టేపు ఫొటోలు జతచేసి ఫిర్యాదు పెట్టాను. ఆ టేపు ముక్కను కవర్లో వేసి ఉంచాను, పారేయలేదు. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను. ఈలోగా మీరు కొనబోయే సెట్ మీద అనుమానం ఉంటే, గాలి తీసి వాల్వ్ దగ్గర తీసిన ఫొటో కింద పెట్టండి, చూసి తోచింది చెప్తాను.