పర్లాకిమిడి డాబా మీద 130 మి.మీ. టెలిస్కోపు

ఏడాదిగా వాడుతున్నాను. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంత్, మోటారు స్టాండు. స్టాండుని సరిగా అమర్చాలంటే ధ్రువ నక్షత్రం కనపడాలి, మా పర్లాకిమిడిలో అది 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పెరట్లో చెట్లు అడ్డం, అందుకే డాబా ఎక్కించాను.

డిసెంబరులో ఆండ్రోమెడా గెలాక్సీకి 30 సెకన్ల ఫొటోలు 120 తీసి కలిపాను. మధ్యలో తెల్లటి ముద్ద, పక్కనే సన్నటి నల్ల చార. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుగు! అమ్మని నిద్ర లేపి మరీ చూపించాను.

కెమెరా బరువుకి ఫోకసర్ (బొమ్మని స్పష్టంగా సరిచేసే గొట్టం) జారడం మాత్రం పెద్ద తలనొప్పి. పావుగంటకోసారి స్క్రూ బిగించాలి. అంచుల్లో చుక్కలకి తోకలొస్తాయి, వాటిని సరిచేసే కోమా కరెక్టర్ అనే లెన్సు విడిగా కొనుక్కోవాలి.

అయినా ఏప్రిల్ అర్ధరాత్రి, దక్షిణాన ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు పళ్లెంలో ఒలికిన పంచదారలా కనిపించింది. ఈ ధరకి నాకది చాలు.