హికారీసీపీ: నాలుగు మిర్చి సీజన్ల వాడకం తరువాత

గుంటూరు మిర్చి యార్డు కమిషన్ కొట్ల బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో హికారీసీపీ వాడుతున్నాం. డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి, అడిగినప్పుడు ఇచ్చి, పనయ్యాక వెనక్కి తీసుకునే జావా లైబ్రరీ ఇది; ఆ కనెక్షన్ల నిల్వనే పూల్ అంటారు. ప్రోగ్రామ్ జావా, వెనక డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. చాలా మంచి లైబ్రరీ, వేరేది వెతకనక్కర్లేదు. కానీ సెట్టింగులు చదవకుండా వాడితే సగం ఫలితమే.

పాత కోడ్ ఒకే కనెక్షన్ తెరిచి అట్టే పట్టుకునేది. పని లేని కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ తెంపేసే గడువు, వెయిట్_టైమౌట్, మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. సోమవారం పొద్దున కాటాలు మొదలయ్యేసరికి మొదటి బిల్లుకే 'కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్'. పూల్ పెట్టాక ఆ పీడ పోయింది. మాక్స్‌లైఫ్‌టైమ్ (కనెక్షన్ గరిష్ఠ వయసు) 30 నిమిషాలు దాటిన కనెక్షన్‌ను, పనిలో లేనప్పుడు చూసి, పూలే తీసేసి కొత్తది తెస్తుంది.

అందరూ పొరబడేది ఐడిల్‌టైమౌట్ దగ్గర, అంటే ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను పూల్ మూసేసే గడువు. డిఫాల్ట్ 10 నిమిషాలు ఉన్నా ఒక్క కనెక్షనూ మూతపడదు. మినిమమ్‌ఐడిల్ (ఎప్పుడూ ఖాళీగా సిద్ధంగా ఉంచాల్సిన కనెక్షన్లు) విడిగా ఇవ్వకపోతే అది మాగ్జిమమ్‌పూల్‌సైజ్‌తో (పూల్‌లో ఉండగల మొత్తం కనెక్షన్లు) సమానం, అంటే 10. రెండూ సమానమైతే ఐడిల్‌టైమౌట్‌కు పనే లేదు. పూల్ సైజు కదలకుండా ఉంచడమే మేలని దాన్ని తయారుచేసినవాళ్ల సలహా. ఒక్క అప్లికేషనే ఉంటే అది నిజం. మాకు కొట్టుకో పూల్. 16 కొట్లకు పదేసి చొప్పున 160 అవుతాయి, మైఎస్‌క్యూఎల్ ఒకేసారి ఒప్పుకునే కనెక్షన్లు (మాక్స్_కనెక్షన్స్) డిఫాల్ట్‌గా 151. అందుకని మినిమమ్‌ఐడిల్ 2, ఐడిల్‌టైమౌట్ 3,00,000 మిల్లీసెకన్లు పెట్టాం. కొట్లన్నీ ఒకేసారి పదికి పదీ అడిగితే ఇదీ ఆదుకోదు, అంత రద్దీ ఉండేచోట మాగ్జిమమే తగ్గించాలి. ఐడిల్‌టైమౌట్ (సున్నా తప్ప) 10,000 కంటే తక్కువ ఇస్తే ఒక హెచ్చరిక రాసి మళ్లీ 10 నిమిషాలకే పోతుంది. తనిఖీ 30 సెకన్లకోసారి కాబట్టి సరిగ్గా ఆ సెకనుకే మూతపడలేదని కంగారు పడొద్దు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మైఎస్‌క్యూఎల్‌లో తెరిచి ఉన్న కనెక్షన్లు చూపే షో ప్రాసెస్‌లిస్ట్ కొడితే కొట్టుకు రెండేసి 'స్లీప్' వరుసలే కనిపిస్తాయి.

తీసుకుని తిరిగివ్వని కనెక్షన్‌ను మాత్రం పూల్ మూయదు. అది యాక్టివ్ లెక్కలోనే ఉండిపోతుంది. అలాంటివి పది పోగైతే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ ఆఫ్టర్ 30000ఎంఎస్' అని లాగ్‌లో పడుతుంది, బిల్లు కొట్టే గుమస్తా అరనిమిషం తెర చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు పూల్ 50కి పెంచడం తప్పు. లీకు (తీసుకున్న కనెక్షన్ తిరిగివ్వకపోవడం) అలాగే ఉంటుంది, కాస్త ఆలస్యంగా బయటపడుతుంది, అంతే. ప్రతిచోటా 'ట్రై (కనెక్షన్ సి = డీఎస్.గెట్‌కనెక్షన్())' అని బ్రాకెట్ లోపలే తెరవాలి. మధ్యలో ఎర్రర్ వచ్చినా, రిటర్న్ అయినా క్లోజ్ దానంతటదే జరుగుతుంది. ఇక్కడ క్లోజ్ అంటే తెంపేయడం కాదు, పూల్‌కు తిరిగివ్వడం.

లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్ 20,000 మిల్లీసెకన్లు పెడితే, అంతసేపు తిరిగిరాని కనెక్షన్‌ను కోడ్‌లో ఏ లైనులో తీసుకున్నారో లాగ్‌లో స్టాక్ ట్రేస్ (అక్కడిదాకా వచ్చిన పిలుపుల వరుస) చూపిస్తుంది. సీజన్ లెక్కల రిపోర్టు 40 సెకన్లు నడిచినా లీకనే అంటుంది. కనెక్షన్ వెనక్కి వచ్చాక 'అన్‌లీక్డ్' అని ఇంకో లైను రాస్తుంది. ఆ రెండో లైను రానివాటి వెంటే పడండి.