జీసీసీనా, క్లాంగా? నేనైతే రెండూ పెట్టుకోమంటాను

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి ఉబుంటు లినక్స్ మెషీన్ మీద ఏడేళ్లుగా సీ భాషలో కోడ్ రాస్తున్నాను. ఆ కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చేది కంపైలర్; జీసీసీ, క్లాంగ్ అలాంటివే. చాలాకాలం జీసీసీ ఒక్కటే వాడాను. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ తొలిసారి విడుదల చేసిన ఆ కంపైలర్‌ మీద నాకు ఇప్పటికీ గురి ఉంది. కానీ కంపైలర్‌ మంచిదో కాదో కోడ్ తప్పినప్పుడే తెలుస్తుంది.

పోయిన నెల కడప నుంచి మా చిన్నాన్న కూతురు వచ్చింది, కాలేజీ ప్రాజెక్టుతో. "అక్కా, ఒక్కో పేరుకు బాగా నడుస్తాది, ఒక్కో పేరుకు పడిపోతాది" అంది. రెండు రోజులుగా జీడీబీ అనే డీబగ్గర్‌తో తప్పు వెతుకుతోందట. అది చూపించేదేమో ఎక్కడో దూరంగా ఉన్న, మెమరీని తిరిగి ఇచ్చే 'ఫ్రీ' లైను.

'-జి -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్' ఆప్షన్లు పెట్టి మళ్లీ కంపైల్ చేయించాను. రెండోది మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌ని కలుపుతుంది. ఒక్క రన్‌లోనే ఎర్రటి అక్షరాల్లో వచ్చేసింది: హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో (తీసుకున్న మెమరీ దాటి రాయడం), 25 బైట్లు రాస్తున్నారు, ఉన్నవి 24. తప్పు జరిగిన స్ట్రింగ్‌కాపీ లైను, ఆ మెమరీ తీసుకున్న మాలక్ లైను, రెండూ నంబర్లతో సహా. పేరు పొడవు ఎంతో అంతే తీసుకుంది, పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నాకి చోటు వదల్లేదు. 64-బిట్ లినక్స్‌లో మాలక్ కాస్త ఎక్కువే ఇస్తుంది కాబట్టి 20 అక్షరాల పేరు బతికిపోయింది. సరిగ్గా 24 అయితే మిగులు లేదు. ఆ సున్నా పోయి పక్క బ్లాకు సైజు మీద పడింది. పిల్ల మొహం వెలిగిపోయింది, నాకూ కడుపు నిండింది.

ఈ సౌకర్యం జీసీసీలో 4.8 నుంచి, క్లాంగ్‌లో 3.1 నుంచి ఉంది. వేగం సుమారు సగానికి తగ్గుతుంది, అంతే. మెమరీ తప్పులు వెతికే ఇంకో టూల్ వాల్‌గ్రైండ్ ఇంకా చాలా నెమ్మది, కానీ దాన్ని తీసేయకండి. విలువ పెట్టని వేరియబుల్‌ని చదివితే అడ్రస్ శానిటైజర్ పట్టదు, వాల్‌గ్రైండ్ పడుతుంది. రెండూ కలిపి మాత్రం నడపకండి, కుదరదు. విలువ పెట్టని వేరియబుల్స్‌ని పట్టే మెమరీ శానిటైజర్ క్లాంగ్‌లో ఉంది, జీసీసీలో లేదు. రెండు కంపైలర్లూ పెట్టుకోమనడానికి అదొక కారణం. ఒకటి వదిలేసిన వార్నింగ్ రెండోది ఇవ్వడం ఇంకో కారణం.

'-వాల్' (డబ్ల్యూ-ఆల్) ఆప్షన్ పేరు చూసి వార్నింగులన్నీ వచ్చేస్తాయనుకోవద్దు, '-డబ్ల్యూఎక్స్‌ట్రా' కూడా జోడించండి. ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే జీసీసీ, మేక్ వస్తాయి, జీడీబీ రాదు. క్లాంగ్, వాల్‌గ్రైండ్ కూడా విడిగానే వేసుకోవాలి. మ్యాక్ వాళ్లు జీసీసీ అని టైప్ చేసినా నడిచేది క్లాంగే.