ముంబయి ‘కాస్టింగ్ డైరెక్షన్’ కోర్సుకు డబ్బు కట్టకండి, అక్కడి నుంచి వచ్చే తెలుగు ఫోనును నమ్మకండి

ముంబయి అంధేరీ వెస్ట్‌లో ‘మూడు నెలల్లో మీరే కాస్టింగ్ డైరెక్టర్’ అంటూ కోర్సు నడుపుతున్న మనిషికి దయచేసి ఎవరూ ఒక్క రూపాయి కూడా కట్టకండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. రాయకపోయినా మీలో చాలామంది గుర్తుపడతారు. నల్ల టీషర్టు, వెనక గోడ నిండా హిందీ సినిమా పోస్టర్లు, ‘తెర మీద కనిపించేవాళ్లను ఎంచుకునేది మీరే’ అనే మాట. ఫోను తెరిస్తే చాలు, ఆ వీడియో ఎదురవుతూనే ఉంటుంది.

ఆ వీడియోలో ‘ఆస్కార్ వాళ్లు కూడా కాస్టింగ్‌కు అవార్డు పెట్టారు’ అంటాడు. అది నిజమే. 2024లో అకాడమీ ప్రకటించింది, 2025లో విడుదలైన చిత్రాలతో మొదలుపెట్టింది. ఇలాంటి నిజం ఒకటి ముందు పెట్టి దాని వెనక అబద్ధాలన్నీ నడిపిస్తాడు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో కొన్నేళ్లు నాటకాల్లో పనిచేశాను. వేదిక ఎక్కడం కంటే ఏ పాత్రకు ఎవరు సరిపోతారో చూడటమే నాకు ఇష్టం. ఆ పని నేర్చుకోవాలని ముంబయి వెళ్లాను. ఫీజు 85,000 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి. కోర్సు చివర పెద్ద కాస్టింగ్ సంస్థలో ఇంటర్న్‌షిప్ ఖాయమన్నాడు. డబ్బు ఒక వ్యక్తి పేరున్న యూపీఐ ఖాతాకు వెళ్లింది. రసీదు అడిగితే, సంస్థ పేరు, జీఎస్టీ నంబరు ఏవీ లేని తెల్లకాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. తరగతులంటే పాత సినిమాల ముక్కలు చూపించి, తనకు ఏ హీరో ఎంత దగ్గరో చెప్పుకోవడం. ఆడిషన్ గదిలో బూడిద రంగు తెర ఒకటి, లైటు ఒకటి ఉన్నాయి. ఆ లైటుకు కొన్నప్పుడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు. ఒక్క స్క్రిప్టు చదివించలేదు. ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను మరచిపోలేను.

ఒక మధ్యాహ్నం నన్ను ఒక్కదాన్నే లోపలి గదికి పిలిచాడు. ‘ఈ రోజు నీకు అసలు పని’ అన్నాడు. బల్ల మీద పొడవాటి జాబితా ఉంది. పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఫోను నంబరు. కొన్ని పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు ఉన్నాయి. చూస్తే అన్నీ మనవాళ్లవే. కరీంనగర్, నెల్లూరు, విజయనగరం, షోలాపూర్‌లో ఉండే తెలుగువాళ్లు. వీళ్లకు ఫోన్ చేసి షూటింగ్ తేదీలకు ఖాళీగా ఉన్నారో లేదో అడగమన్నాడు. ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. కాస్టింగ్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ రోజంతా చేసే పని అదే. నటుల డేట్లు కనుక్కోవడం, ఇంట్రో వీడియో తెప్పించడం, ప్రొఫైల్ సరిచూడటం.

మొదట ఉన్న కరీంనగర్ నంబరుకు చేశాను. అమ్మాయి తండ్రి ఎత్తారు. హిందీలో మొదలుపెట్టి, ఆయన తడబడుతుంటే తెలుగులోకి మారాను. ఆ క్షణంలో ఆయన గొంతే మారిపోయింది. ‘మీరు తెలుగువాళ్లా అమ్మా? దేవుడిలా దొరికారు. అంతా హిందీలోనే మాట్లాడుతున్నారు, మాకేమో సరిగా అర్థం కావడం లేదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్లింది. ఇది నిజమైన అవకాశమేనా తల్లీ, మీరైనా చెప్పండి’ అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే అతను ఒక చీటీ నా ముందుకు జరిపాడు. దాని మీద ఇలా రాసి ఉంది: ‘సెలెక్ట్ అయింది. ఆర్టిస్ట్ కార్డుకు, కాస్ట్యూమ్‌కు 11,800. ఈ రోజే కట్టాలి. షూటింగ్ తర్వాత తిరిగి ఇస్తాం.’ ఆ అమ్మాయి ఆడిషన్ ఇవ్వనే లేదు. జాబితాలో ఆమె పేరు పక్కన వీడియో గడి ఖాళీగా ఉంది. చీటీ మీద వేలితో తట్టి, గొంతు తగ్గించి, ‘తెలుగులో చెప్పు, నమ్ముతారు’ అన్నాడు.

నన్ను కోర్సులో చేర్చుకున్నది దీనికోసం. నా నాటకాల అనుభవం గురించి చేరిన రోజు అంత శ్రద్ధగా అడిగి, చివరికి ‘తెలుగు ధారాళంగా వస్తుందా’ అని ఎందుకు నొక్కి అడిగాడో అప్పుడు అర్థమైంది. మరాఠీ అమ్మాయికి మరాఠీ జాబితా, భోజ్‌పురి వచ్చిన అబ్బాయికి బిహార్ జాబితా. మా దగ్గర ఫీజు తీసుకుని, మా మాతృభాషతోనే మా ఊళ్లవాళ్ల జేబులు కొట్టించాలనుకున్నాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. ‘ఎవరికీ డబ్బు కట్టకండి. అమ్మాయి ఇంకా ఎంపిక కాలేదు. ఎవరు అడిగినా కట్టవద్దు’ అని ఆయనకు చెప్పి పెట్టేశాను.

అతను అరవలేదు. నింపాదిగా కుర్చీలో వెనక్కి వాలి, ‘ఈ పరిశ్రమలో ఇంత మెత్తని మనసుతో బతకలేవు. ఊరికి వెళ్లి నాటకాలు వేసుకో’ అన్నాడు. నా ఫీజు తిరిగి ఇవ్వమన్నాను. ‘ఇవ్వబడదు అని ఫారంలో రాసి ఉంది, సంతకం నీదే’ అన్నాడు. ఇంటర్న్‌షిప్ ఏది అంటే ‘ఇప్పుడు నువ్వు వదిలేసిందే ఇంటర్న్‌షిప్’ అన్నాడు. నేను ఆ మేడ మెట్లు దిగేసరికి వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు.

డబ్బు పోయినందుకు బాధ ఉంది. అంతకంటే ఎక్కువగా, నేను ప్రేమించిన వృత్తి పేరు పెట్టుకుని ఈ పని చేస్తున్నందుకు నాకు ఒళ్లు మండుతోంది. హిందీ సినిమాలో కాస్టింగ్ డైరెక్టర్ అనే పేరుకు గౌరవం ఊరికే రాలేదు. ఒకప్పుడు దర్శకుడో నిర్మాతో తెలిసినవాళ్లను పిలిపించుకునేవారు, చిన్న వేషాలకు కోఆర్డినేటర్లు మనుషులను పంపేవారు. 1982 నాటి ‘గాంధీ’కి మన దేశంలో నటీనటులను వెతికిన డాలీ ఠాకోర్ రంగస్థలం మనిషి. 1994లో ‘బ్యాండిట్ క్వీన్’కు కాస్టింగ్ చేసిన తిగ్మాంశు ధూలియా నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివినవాడు, తర్వాత దర్శకుడయ్యాడు. హనీ త్రెహాన్ విశాల్ భరద్వాజ్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, 2020లో ‘రాత్ అకేలీ హై’కి దర్శకత్వం వహించాడు. ముకేశ్ ఛాబ్రా ఢిల్లీ నాటక రంగం నుంచి వచ్చాడు. ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’లో అన్ని పాత్రలకు అంతమంది కొత్త ముఖాలను నింపిన కాస్టింగ్ అతనిదే. ‘దంగల్’ కోసం శ్రీనగర్ అమ్మాయి జైరా వసీమ్‌ను తెర మీదికి తెచ్చిందీ ఆ వెతుకులాటే. యశ్‌రాజ్ ఫిల్మ్స్‌లో శానూ శర్మ ఉంది. 2010లో ‘బ్యాండ్ బాజా బారాత్’తో రణ్‌వీర్ సింగ్ పరిచయం వెనక ఆమె ఉంది. ‘స్త్రీ’లో, ‘పాతాళ్ లోక్’లో మనం చూసిన అభిషేక్ బెనర్జీ ఇప్పటికీ సొంత కాస్టింగ్ సంస్థ నడుపుతున్నాడు. వీళ్ల దారులు వేరువేరు. నాటకమో, ఒకరి దగ్గర సహాయకుడిగా గడిపిన ఏళ్లో, వందల కొద్దీ ఆడిషన్లు చూసి పదునెక్కిన కన్నో ఉంటుంది వాటి వెనక. కరీంనగర్ తండ్రికి ఫోన్ చేసి 11,800 అడగడం ఆ దారిలో ఎక్కడా లేదు.

అసలు పని ఎలా జరుగుతుందో ఇప్పుడు నాకు కాస్త తెలుసు, ఎందుకంటే అక్కడి నుంచి బయటికొచ్చాక వర్సోవాలోని ఆరామ్ నగర్‌లో నిజమైన ఆడిషన్ గదుల చుట్టూ తిరిగాను. పాత బంగళాల వరుసలు, గుమ్మాల దగ్గర సంచుల్లో రెండో జత బట్టలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు. లోపలి అసిస్టెంట్ ఒకసారి చూసి ‘నాట్ ఫిట్’ అంటే అంతే, వెనుదిరగాలి. కఠినంగానే ఉంటుంది. కానీ ఆ మాట వినడానికి ఎవరూ డబ్బు కట్టరు. సరిపోతారనుకుంటే కెమెరా ముందు పేరు, వయసు, ఎత్తు చెప్పించి, కుడి ఎడమలకు తిప్పి ముఖం చూస్తారు. తర్వాత సన్నివేశం. ఎదుటి పాత్ర మాటలు కెమెరా పక్కన నిలబడి చదివేది ఆ అసిస్టెంటే. నటుడు బెదిరిపోకుండా, మాట అందేలా, తాను మాత్రం ముందుకు రాకుండా చదవాలి. ఒక అమ్మాయి అలా చదవడం తలుపు సందులోంచి చూశాను. నటుడు మాట మరచిపోతే ఆమె అందించలేదు, ఆగింది. అతనే తేరుకుని అందుకున్నాడు. నేను నేర్చుకోవాలనుకున్నది అదీ. 85,000 తీసుకున్నవాడు ఆ ఒక్క నిమిషం పాఠం కూడా చెప్పలేదు.

కాస్టింగ్ డైరెక్టర్‌కు జీతం ఇచ్చేది నిర్మాణ సంస్థ. నటుడి దగ్గర ఒక్క పైసా తీసుకునే అవసరం ఆ వృత్తిలో లేదు. రిజిస్ట్రేషన్, కార్డు, కాస్ట్యూమ్, డిపాజిట్, పోర్ట్‌ఫోలియో ఫలానా ఫొటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలన్న షరతు, ఇలా ఏ పేరుతో అడిగినా అది మోసమే. ‘షూటింగ్ తర్వాత తిరిగి ఇస్తాం’ అంటే మరీ. ఆర్టిస్ట్ కార్డు గురించి అనుమానం ఉంటే నటీనటుల సంఘం సింటా కార్యాలయాన్నే నేరుగా అడగండి, మధ్యవర్తి మాట వినకండి. పెద్ద సంస్థ పేరు చెబితే ఆ సంస్థ అధికారిక పేజీలో ఉన్న చిరునామాకు మీరే రాసి కనుక్కోండి, వాళ్లు పంపిన నంబరుకు కాదు. నాలాగా తెర వెనక పని నేర్చుకోవాలనుకునేవాళ్లు సంస్థ పేరున్న రసీదు, జీఎస్టీ నంబరు లేకుండా ఏ కోర్సుకూ కట్టకండి. వాళ్ల కాస్టింగ్ ఏ సినిమాలో ఉందో అడిగి, ఆ సినిమా చివర పడే పేర్లలో మీరే చూసుకోండి.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎంత తొందరగా చెబితే బ్యాంకు ఆ సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మోసానికి ఇప్పుడు వర్తించేది భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్, పాత 420 కాదు. ఫిర్యాదు రాసేటప్పుడు పనికొస్తుంది.

ఆ చీటీ ఫొటో, చెల్లింపు వివరాలు, గ్రూపులోని సందేశాలు నా దగ్గర ఉన్నాయి, పోలీసులకు ఇచ్చాను. ఈ కొద్ది నెలల్లో ముంబయి నుంచి తెలుగులో ఫోన్ వచ్చి, సెలెక్ట్ అయ్యారని చెప్పి 11,800 అడిగి ఉంటే తేదీ, నంబరు నాకు పంపండి. నా ఫిర్యాదుకు జత చేస్తాను. నా తర్వాత ఆ జాబితా ఇంకో తెలుగు అమ్మాయి ముందు పెట్టే ఉంటాడు. ఆమె మీకు తెలిసి ఉంటే ఇది ఆమెకు చేరవేయండి, ఈ రాత్రే.